రాజేశం కాక ఇంట్లో రెండు టీవీలు

2017 మొదటి నెలలు. సిరిసిల్లలో కేబుల్ టీవీ అనలాగ్ నుంచి డిజిటల్‌కు మారుతున్న రోజులవి. నేను అప్పటికే చాలా ఏళ్లుగా ఒక కేబుల్ ఆపరేటర్ దగ్గర లైన్‌మన్‌ని. స్తంభాల మీద తీగలు లాగడం, ఇళ్లకు కనెక్షన్లు ఇవ్వడం, బొమ్మ రాకపోతే పోయి చూడటం నా పని. అంతకుముందు మా కంట్రోల్ రూమ్ నుంచి వచ్చే తీగను టీవీ వెనక గుచ్చితే చాలు, ఛానళ్లన్నీ వచ్చేవి. ఇక మీదట ప్రతి ఇంట్లో సెట్‌టాప్ బాక్స్ ఉండాల్సిందే. తీగలో వచ్చే డిజిటల్ సిగ్నల్‌ను టీవీ చూపించగలిగేలా మార్చి ఇచ్చే పెట్టె అది. పాత సిగ్నల్ ఆగిపోయే రోజు దగ్గరపడటంతో భుజాన బాక్సుల సంచి వేసుకుని గల్లీ గల్లీ తిరిగేవాణ్ణి.

ముసలివాళ్ల ఇళ్లలో రిమోట్లు రెండు కావడమే పెద్ద చిక్కు. బాక్సు రిమోట్ అనుకుని టీవీది నొక్కేవారు. తెర నీలంగా మారి ‘నో సిగ్నల్’ అని పడేది. “రహీమూ, టీవీ సచ్చిపోయింది” అని ఫోను. పోయి ఒక్క మీట నొక్కి, వాళ్లిచ్చిన చాయ్ తాగి వచ్చేవాణ్ణి. అలాంటివి ఎన్నో మరిచిపోయాను. రాజేశం కాక ఇల్లు మాత్రం మరిచిపోలేదు.

రాజేశం కాక వయసంతా సాంచాల మీదే గడిపాడు. పవర్‌లూమ్‌ను మా దగ్గర సాంచా అంటారు. ఒంట్లో ఓపిక తగ్గాక పని మానేసి ఇంటిపట్టున ఉంటున్నాడు. భార్య నర్సవ్వ. వాళ్ల బిడ్డ సుగుణ అదే వాడలో ఉంటూ బస్టాండు దగ్గర టైలరింగ్ షాపు నడిపేది. అమ్మానాన్నల కోసం ఆమె ఒక కొత్త ఎల్‌ఈడీ టీవీ కొన్నది. గోడకు బిగించి బాక్సు పెట్టమని నన్ను పిలిచింది. అప్పటిదాకా వాళ్లింట్లో ఉన్నది చెక్క డబ్బాలో బిగించిన పాత కలర్ టీవీ. దాన్ని నేనే మోసి మూలకు పెట్టాను. ఆదివారం పాత సామాన్లవాడు వచ్చి తీసుకుపోతాడని సుగుణ చెప్పింది.

కొత్త టీవీలో బొమ్మ చూసి నర్సవ్వ చెంపల మీద చేతులు వేసుకుంది. “అబ్బ, చీర అంచు దారం గూడ కనవడుతుందే!”

రాజేశం కాక కాసేపు చూశాడు. లేచి చెప్పులు వేసుకుని బయటికి పోయాడు.

రెండు మూడు రోజులకు సుగుణ ఫోన్ చేసింది. “రహీమన్నా, జర వచ్చిపో. టీవీల ఆవాజ్ మంచిగ లేదట. బాపు టీవీ దిక్కే చూస్తలేడు. పొద్దూకంగనే చాయ్ హోటల్ కాడికి పోయి కూసుంటుండు.”

పోయి చూస్తే సౌండ్ బ్రహ్మాండంగా ఉంది. పూర్తిగా పెంచితే పక్కింటివాళ్లు తొంగి చూశారు. కాక గడప దగ్గర కూర్చుని, “నాకు గీ టీవీ వద్దు. పాతదే పెట్టు” అన్నాడు.

సుగుణ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. “ఎంత ఇష్టంతోని తెచ్చిన అవ్వా! ఒక్కనాడన్న మంచిగున్నదని అన్నడా?”

నర్సవ్వ కొంగు సర్దుకుంటూ ఎటో చూసింది.

పాత సిగ్నల్ ఇంకా కొన్ని రోజులు నడుస్తుంది కాబట్టి, కాక అంటున్న తేడా ఏమిటో చూద్దామని పాత టీవీకి తీగ పెట్టి ఆన్ చేశాను. కాక వెంటనే లేచి, ఒక పీట ఈడ్చుకుని వచ్చి, టీవీకి ఎదురుగా కాకుండా పక్కన ఆనుకుని కూర్చున్నాడు. అక్కణ్ణుంచి బొమ్మ ఏటవాలుగా తప్ప కనిపించదు. అరచేయి చెక్క డబ్బా మీద పెట్టాడు. ఆయన చేయి పెట్టినచోట పాలిష్ అరిగిపోయి చెక్క నున్నగా తేలి ఉంది.

నేను వెనక నిలబడి “కాకా” అన్నాను. తిరగలేదు. ఇంకొంచెం గట్టిగా పిలిచాను. తిరగలేదు. అప్పుడు చప్పుడు కాకుండా చేయి చాచి సౌండ్ పూర్తిగా తగ్గించాను. తెర మీద బొమ్మ కదులుతూనే ఉంది.

కాక గిరుక్కున తిరిగాడు. “ఆవాజ్ ఎందుకు తీసినవ్ రా?”

సుగుణ వచ్చి ఆయన ఎదురుగా కూర్చుంది. “బాపూ, నీకు ఇనవడుతలేదా?”

ఆయన ఆమె పెదవులనే చూశాడు. అరచేయి మళ్లీ డబ్బా మీద ఆనించి అన్నాడు: “సాంచా మీద చెయ్యి పెడితె ఏడ తేడా వచ్చిందో తెలుస్తుండె బిడ్డా. గిది గూడ గంతే. పాట వస్తుందా, ఏడుస్తుండ్రా, కొట్లాడుతుండ్రా, చేతికి తెలుస్తది. మాటలు మీ అవ్వ చెప్తది.”

“నాకెందుకు చెప్పలే?”

“చెవిటోడంటరు. చెవిటోనితోని ఎవ్వలు ముచ్చట పెడ్తరు?”

“నాకు ఎరుకే బిడ్డా” అంది నర్సవ్వ. “ఎవ్వలకు చెప్పద్దని ఒట్టు పెట్టించుకున్నడు.”

సాంచాల వాడలో అందరూ గట్టిగానే మాట్లాడతారు, మొహాలు చూసుకునే మాట్లాడతారు. ఆ చప్పుడులో పనిచేసి పనిచేసి అలా అలవాటైపోతుంది. అందుకే కన్నబిడ్డ కూడా పోల్చుకోలేకపోయింది.

సుగుణ కళ్లు తుడుచుకుని నా వైపు తిరిగింది. “అన్నా, పాత టీవీకే బాక్సు పెట్టు.”

అక్కడే వచ్చింది చిక్కు. బాక్సు నుంచి బొమ్మ, సౌండ్ రావాలంటే టీవీకి ఆడియో, వీడియో పిన్నులు గుచ్చే రంధ్రాలుండాలి, ఎరుపు, తెలుపు, పసుపు రంగుల్లో. ఈ పాతదానికి యాంటెన్నా రంధ్రం తప్ప ఏమీ లేదు. మరునాడు ఒక స్పీకరు తెచ్చి కొత్త టీవీకి కలిపి చూశాను. కాక దాని మీద చేయి పెట్టి మొహం చిట్లించాడు. “గిది గడగడ అంటుంది. మనిషి గొంతు తెలుస్తలేదు.”

కంట్రోల్ రూమ్‌లో మాడ్యులేటర్లు వరసగా ఉండేవి. బొమ్మను, సౌండ్‌ను కలిపి పాత టీవీ అందుకునే సిగ్నల్‌గా మార్చేవి అవే, ఛానల్‌కు ఒకటి చొప్పున. డిజిటల్ వచ్చాక వాటికి పని లేదు. వాటిని ఒక్కొక్కటే ఊడదీస్తున్నాం. ఒకటి ఇమ్మని మా ఆపరేటర్‌ను అడిగితే, సంగతి విని ఆయనే మంచిది ఏరి ఇచ్చాడు. ఊరంతటికీ సిగ్నల్ పంపే యంత్రం అది. ఒక్క టీవీకి నేరుగా పెట్టేసరికి సిగ్నల్ ఎక్కువై బొమ్మ ముద్దముద్దగా వచ్చింది. మధ్యలో సిగ్నల్‌ను తగ్గించే అటెన్యుయేటర్ పెట్టాను. బొమ్మ నిలబడింది. బాక్సు నుంచి బొమ్మ బయటికి వచ్చే దారులు రెండుంటాయి కాబట్టి ఒకటి గోడ మీది కొత్త టీవీకి, ఇంకొకటి మాడ్యులేటర్ మీదుగా దాని కిందే పెట్టిన పాత టీవీకి ఇచ్చి, కొత్తదాని సౌండ్ ఆపేశాను.

ఆ సాయంత్రం కాక పీట వేసుకుని పాత డబ్బా మీద చేయి పెట్టి, తల ఎత్తి కొత్త టీవీలో బొమ్మ చూశాడు. సీరియల్‌లో ఎవరో ఏదో అన్నారు. నర్సవ్వ చెప్పబోయేంతలో సుగుణే ఆయన ముందుకు వంగి, పెదవులు కనబడేలా చెప్పింది. “కోడలు ఇల్లు ఇడిచిపెట్టి పోతా అంటుంది బాపూ.”

“పోదు” అన్నాడు కాక. “గొంతు గట్టిగ లేదు.”

ముగ్గురూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది.

తర్వాత సుగుణ ఆయనకు కరీంనగర్‌లో చెవి మిషన్ పెట్టించింది. పెళ్లిళ్లకు, పేరంటాలకు పెట్టుకుపోతాడు, టీవీ ముందు మాత్రం తీసేస్తాడు. చాయ్ హోటల్‌కు ఇప్పటికీ పోతాడు, కానీ సీరియల్ అయిపోయాకే.

ఆ ఇంటి తర్వాత నా పనిలో ఒక అలవాటు మారింది. ఏ ఇంటికి పోయినా సంచి దించి ముందుగా బాక్సు బయటికి తీయను. “అవ్వా, మీరు రోజూ ఎట్ల చూస్తరో ఒక్కసారి అట్లనే కూసోండ్రి” అంటాను. వాళ్లు కూర్చుంటారు. ఎవరు ఎక్కడ కూర్చున్నారో, ఎవరి చేయి ఎక్కడుందో చూస్తాను. తీగ ఎటునుంచి లాగాలో ఆ తర్వాతే ఆలోచిస్తాను.