రేచల్ దుకాణంలో మతిమరుపు కంప్యూటర్లు

కంభం బస్టాండు పక్క సందులో రేచల్ నెట్ దుకాణం. పొద్దున షట్టర్ ఎత్తగానే తడిబట్టతో మూడు కంప్యూటర్లూ తుడుస్తుంది. ఒక్కోదాని ముందు కళ్లు మూసుకుని, ఆ రోజు అక్కడ కూర్చోబోయే మనిషి ఎవరైనా సరే, వాళ్ల పని చల్లగా జరగాలని ప్రార్థన చేస్తుంది. పన్నెండేళ్లుగా ఒక్కరోజు మానలేదు.

అయితే చాలాకాలం ఆమె తుడిచింది పైనున్న దుమ్మునే. జనం వెతికినవన్నీ లోపల అట్లాగే ఉండేవి. కావాలనే ఉంచేది. పల్లెల నుంచి వచ్చేవాళ్లకు టైపు కొట్టడం కష్టం కదా, నిన్న ఒకరు కొట్టింది ఇవాళ ఇంకొకరికి పనికొస్తుందని ఆమె ఆలోచన.

పోయిన వేసవిలో రాచర్ల నుంచి నాగమల్లేశ్వరి వచ్చింది. గొర్రెలున్న ఇల్లు. ఇంటికంతా ఒకటే ఫోను, అదీ మొగుడి జేబులో. మూల కంప్యూటర్లో పావుగంట ఏదో చదువుకుని, ఆధార్ ప్రింటు కోసం బెంచీ మీద కూర్చుంది. ఆమె లేచిన కుర్చీలోకి దాణా దుకాణం కాటమరాజు వచ్చాడు. నోరు పెద్దదే గానీ మనసు చెడ్డది కాదు. వెతికే పెట్టె మీద నొక్కగానే పాత మాటలు వరసగా కిందికి జారాయి. పక్కనే క్యాన్సర్ ఆసుపత్రి ప్రకటన.

"ఏంది రేచలమ్మా ఇది? రొమ్ములో గడ్డంట! ఎవరబ్బా వెతికినారు? నేనైతే కాదు!"

దుకాణమంతా నవ్వింది. నాగమల్లేశ్వరి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ప్రింటు తీసుకోకుండానే వెళ్లిపోయింది.

మిగిలిపోయిన ఆ ప్రింటు చూశాకే, ఆ మాటలు ఎవరు వెతికినవో రేచల్‌కు అర్థమైంది. మరునాటికల్లా మూడింటిలోనూ వేరే బ్రౌజర్ పెట్టింది. మూయగానే వెతికినవన్నీ అదే చెరిపేస్తుంది. మనిషి ఏం చదివాడో కనిపెట్టి వెంటపడే ప్రకటనలను లోపలికి రానివ్వదు.

రెండు రోజులకు కాటమరాజు మళ్లీ వచ్చాడు. "నీ కంప్యూటర్లకు మతిమరుపు పట్టిందేందమ్మా? మొన్న చూసిన దాణా రేట్లు లేవే!"

"నేనే పట్టించినానన్నా. మళ్లీ కొట్టుకో, వేళ్లేం అరిగిపోవు."

"దాచుకోడానికి నా దగ్గర ఏముందమ్మా?"

"నీ దగ్గర లేకపోవచ్చు. నీకంటే ముందు ఆ కుర్చీలో కూర్చున్నోళ్ల దగ్గర ఉండొచ్చు. డాక్టరు గదికి తలుపెందుకు పెడతారు? లోపలున్నది దొంగని కాదు గదా."

ఆ రోజు నవ్విన నవ్వు గుర్తొచ్చిందేమో, కాటమరాజు తల గోక్కుని, ఒక్కో అక్షరమే వెతుక్కుంటూ కొట్టుకున్నాడు.

ఆదివారం ఆరాధన కాగానే రేచల్ ఆధార్ ప్రింటు చేతబట్టుకుని రాచర్ల ఆటో ఎక్కింది. గొర్రెల దొడ్డి దగ్గర నాగమల్లేశ్వరి ఒక్కతే ఉంది.

"ఎవరికన్నా చెప్పినావా?" అంది, కాగితం వంక చూడకుండానే.

"నీ పేరు నా నోట రాలేదక్కా. ఇప్పుడు ఆ కంప్యూటరు నోరూ కట్టేసినా. తప్పు నాదే."

నాగమల్లేశ్వరి గొర్రెపిల్లను దగ్గరికి లాక్కుని వీపు నిమిరింది. "గడ్డ అట్లనే ఉంది. ఆసుపత్రికి పోతే, ఎందుకు పోయినావని ఊరంతా అడగతాది."

రేచల్ ఆమె పక్కనే గడ్డిమోపు మీద కూర్చుంది.

"అక్కా, నువ్వు నాకొక సాయం చేయాల. నాకూ నలభై దాటినాయి, ఆ పరీక్ష ఒక్కసారీ చేయించుకోలా. ఒక్కదాన్నే పోవాలంటే కాళ్లు రావడంలా. రేపు మార్కాపురం పోదామనుకుంటన్నా. ఎవరన్నా అడిగితే రేచల్‌కు తోడు పోతన్నానని చెప్పు, అది నిజమే గదా. నాకు తోడొస్తావా?"