సగంలో ఆపించిన సంగీతం

మంగళవారం పొద్దున మా మ్యూజిక్ టీచర్ గారు మచిలీపట్నంలో కన్నుమూశారు. సాయంత్రానికల్లా సెంటర్లో ఫ్లెక్సీ లేచింది. ఆవిడ ఫోటో పక్కన వయొలిన్ బొమ్మ. ఆవిడ జన్మలో వయొలిన్ పట్టుకోలేదు.

ఆవిడ వాయించింది వయోల్. మోకాళ్ళ మధ్య నిలబెట్టుకుని కమానుతో వాయించే ఆరు తీగల పాతకాలపు యూరప్ వాద్యం. వీణకున్నట్టు దానికీ మెట్లుంటాయి. చిన్నవీ పెద్దవీ నాలుగు కలిస్తే, నలుగురు మనుషులు నెమ్మదిగా మాట్లాడుకుంటున్నట్టుంటుంది. ఇంగ్లండులో చదువుకుని వస్తూ వాటిని తెచ్చుకున్నారు. వాటికోసం కొత్త సంగీతం రాసి, చర్చి వెనక గదిలో మా నలుగురికీ నేర్పారు. సముద్రపు గాలికి శ్రుతి చెడిపోతుంటే విసుక్కోకుండా మళ్ళీ సరిచేసేవారు.

"పాత వాద్యం కదండీ, పాత పాటలే వాయించొచ్చుగా?" అన్నారొకసారి పాస్టర్ గారు.

"నా నోరూ పాతదేనండీ. రోజూ కొత్త మాటలు మాట్లాడట్లేదా?" అన్నారీవిడ.

ఆవిడ రచనల్లో పెద్దది, పాలకాయతిప్ప దగ్గర కృష్ణ సముద్రంలో కలవడం గురించి. నిరుడు అవనిగడ్డలో ఒక సాంస్కృతిక సభలో దాన్ని తొలిసారి వాయించాం. సగంలో ఉండగా ముఖ్య అతిథి వచ్చారు. సభ కార్యదర్శి వేదికెక్కి నా కమాను పట్టుకుని ఆపేశాడు.

"ఇక చాలమ్మా, సార్‌కి టైం లేదు."

"ఏరు ఇంకా సముద్రం దాకా రాలేదండీ," అన్నారు టీచర్ గారు. ఎవరూ వినిపించుకోలేదు. శాలువా కప్పబోతే వద్దని దిగిపోయారు. బస్సులో మాత్రం నాతో, "ఎప్పుడైనా జనం మధ్య మొత్తం వాయించండమ్మా," అన్నారు. తర్వాత జబ్బు పడ్డారు. ఆ ముచ్చట తీరకుండానే పోయారు.

సంతాప సభకు అదే కార్యదర్శి వచ్చాడు. ఆవిడ మన ప్రాంతానికి గర్వకారణమంటూ గుక్కతిప్పుకోకుండా మాట్లాడి, చివర్లో నావైపు తిరిగాడు.

"ఆ మ్యూజిక్ ఓ రెండు నిమిషాలు వాయించమ్మా."

నాకు ఒళ్ళు మండిపోయింది. బతికుండగా నోరు నొక్కినవాళ్ళకు, పోయాక పొగడటానికి మాత్రం ఎక్కడలేని తీరికా దొరుకుతుంది.

"వాయిస్తే మొత్తం వాయిస్తామండీ. మీ ఉపన్యాసానికి దొరికిన టైం మాకూ దొరకాలి," అన్నాను.

అతను ఏదో అనబోయాడు. అప్పటికే టీచర్ గారి చెల్లెలు లేచి, చప్పుడు అడ్డమని ఫ్యాన్లన్నీ ఆపేశారు. మేం మొదలుపెట్టాం. కాసేపటికి కార్యదర్శి వాచీ చూసుకుని వెళ్ళిపోయాడు. మేం ఆగలేదు.

ఆఖరి స్వరం అయిపోయింది. ఆ ఉక్కలో ముఖాలు చెమటతో తడిసిపోతున్నా, లేచి ఫ్యాను వేసినవాళ్ళు లేరు.