మామ్మగారి మీటరు

సాయంత్రం ఫోనుకి వచ్చిన కరెంటు బిల్లు మెసేజ్‌ని ఇప్పుడు, పాప పడుకున్నాక, తీరిగ్గా చూశాను. మా ఇంటికి రెండు మీటర్లు, రెండు బిల్లులు. ఒకటి మా మామయ్యగారి పేరు మీద వస్తుంది. రెండోది ఆయన తల్లిగారి పేరు మీద, అంటే మా ఆయనకి మామ్మగారి పేరు మీద వస్తుంది. ఆవిడ పోయి మూడేళ్ళు కావస్తోంది. అయినా నెలనెలా ఆవిడ పేరుకి ముందు శ్రీమతి అని చేర్చి మరీ బిల్లు పంపుతున్నారు. అందులో వాడిన యూనిట్లు చాలాకాలంగా సున్నాయే. ఫిక్స్‌డ్ ఛార్జీ, కస్టమర్ ఛార్జీ, ఇంకా ఏవో చిల్లర పద్దులూ మాత్రం తప్పవు. దీపం వెలిగించినా వెలిగించకపోయినా, మనిషి ఉన్నా లేకపోయినా, గోడకి మీటరు ఉన్నంతకాలం అవి పడుతూనే ఉంటాయి. ఈ నెల మాత్రం యూనిట్ల దగ్గర సున్నా లేదు. అందుకే నిద్ర పట్టక, వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఇది రాస్తున్నాను. నిద్ర పట్టకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. అది తరవాత చెప్తాను.

నేను కొత్తపేట పక్కన ఈ ఊరికి కోడలిగా వచ్చేటప్పటికి మామ్మగారికి ఎనభై దాటాయి. మిషను ఆస్పత్రిలో కాన్పుల నర్సుగా చేసి రిటైరైన మనిషి. మనిషి దగ్గరికొస్తే ఆస్పత్రి సబ్బు వాసన, ఇస్త్రీ చేసిన తెల్లచీర, బొడ్లో తాళంచెవి. చుట్టుపక్కల ఏ ఇంట్లో పసిబిడ్డ కనిపించినా ముందు ఆవిడ చెయ్యి వెళ్ళేది బిడ్డ బుగ్గ మీదికి కాదు, పాదాల మీదికి. అరికాళ్ళు పట్టుకుని చూసి, వెచ్చగా ఉంటే ఆ తల్లితో మాట్లాడేవారు, లేకపోతే తిట్టేవారు. మా ఇంటి వెనకగది ఆవిడది. మా పడకగదికీ దానికీ మధ్య ఒకటే గోడ. ఆ ఒక్క గదికి వేరే మీటరెందుకని పెళ్ళైన కొత్తలో అడిగితే మా ఆయన నవ్వేసి ఊరుకున్నారు. అత్తయ్యగారు మాత్రం, తల్లీ కొడుకుల పాత పేచీలే, ఇద్దరూ ఎవరి స్విచ్చి వారిదే అనే రకం అన్నారు. అది నిజమే. మా మామయ్యగారు బడిపంతులుగా రిటైరయ్యారు గాని ఇంట్లో స్విచ్చుల మీద హాజరు తీసుకోవడం మానలేదు. మనుషులు లేని గదిలో ఫ్యాను తిరిగితే ఆయనకి తల తిరుగుతుంది.

నాకు ఐదో నెలలో మామ్మగారు పోయారు. దానికి వారం ముందు నన్ను మంచం మీద కూర్చోబెట్టుకుని, అలవాటు ప్రకారం నా పాదాలు పట్టుకుని చూశారు. "చల్లగా ఉన్నాయమ్మా. బల్బొకటి చూసుకోండి" అన్నారు. ఏ బల్బని అడిగేలోపే నిద్రలోకి జారుకున్నారు. చర్చివాళ్ళు వచ్చి ఆదరణ కూటం జరిపి వెళ్ళాక మామయ్యగారు ఆ గది ఫ్రిజ్జు ఎవరికో ఇచ్చేసి, బల్బులు విప్పించి, తాళం వేసి చెవి తన దగ్గరే పెట్టుకున్నారు. మీటరు మాత్రం తీయించలేదు. మళ్ళీ కావాలంటే అర్జీ, డిపాజిట్టు, తిరుగుడు అని కారణాలు చెప్పేరు. పేరు మార్పించడానికీ ఒప్పుకోలేదు. దానికి మాత్రం ఏ కారణమూ చెప్పలేదు. అలా ఆవిడ బిల్లు నెలనెలా సున్నా యూనిట్లతో వచ్చేది, ఆయన కట్టి ఆ కాగితాన్ని, తన దగ్గర ఉంచుకున్న ఆవిడ బైబిల్లో పెట్టేవారు.

జనవరి మొదట్లో, నెలలు నిండకుండానే, అమలాపురంలో నాకు పాప పుట్టింది. రెండు కిలోలు కూడా లేదు. పుట్టగానే అద్దాలపెట్టెలో పెట్టేరు. నాలుగు రోజులకి కాస్త తక్కువగా అందులోనే ఉంది, నేను గాజు మీద చెయ్యి ఆనించి కూర్చున్నాను. ఇంట్లోవాళ్ళందరం అక్కడే ఉన్నాం. పాపని పెట్టెలోంచి తీసి నా గుండెల మీద పడుకోబెట్టిన రోజునే ఇంటి దగ్గర రీడింగు తీసి, బిల్లులు గేటుకి గుచ్చి వెళ్ళేరట. పదోరోజున పాపతో ఇంటికి వచ్చాక వాటిని చూశాం. మామ్మగారి బిల్లులో తొమ్మిది యూనిట్లున్నాయి. తాళం వేసిన గది, బల్బుల్లేని గది. మామయ్యగారు కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూసి, మెషినులో తప్పు పడుంటుంది అన్నారు. ఆ గడబిడలో ఎవరం పట్టించుకోలేదు.

కోనసీమలో చలేమిటని బయటివాళ్ళు నవ్వుతారు. వాళ్ళు జనవరిలో మా ఇళ్ళల్లో పడుకోలేదు. వెనక కాలవ, చుట్టూ కొబ్బరితోటలు. పొద్దున్న తొమ్మిదైనా మంచు దిగదు, గచ్చు చెమర్చి ఉంటుంది, ఆరేసిన పాత చీరముక్కలు సాయంత్రానికీ ఆరవు. పాపని గుండెలకి ఆనించుకుని ఉండమన్నారు డాక్టరమ్మ, దించినప్పుడు గది వెచ్చగా ఉండాలన్నారు. అత్తయ్యగారు పెరట్లో కొబ్బరిడొక్కలేసి రాగి బాయిలరు రాజేసేవారు, నీళ్ళకి లోటు లేదు. గదికే వేడి కావాలి. రూమ్ హీటరు గాలిని ఎండగట్టేస్తుందేమోనని నాకు భయం. ఆ రోజుల్లో నేను దేనికి భయపడలేదో చెప్పడమే తేలిక. అప్పుడు నాకు మామ్మగారి మాట గుర్తొచ్చింది. ఇప్పటి బల్బులకి వెలుగే గాని వేడుండదు. మా ఆయన అమలాపురమంతా తిరిగి, చివరికి రామచంద్రపురంలో కోడిపిల్లల మేత అమ్మే కొట్లో వంద క్యాండిళ్ళ, అంటే వంద వాట్ల, పాత రకం బల్బు పట్టుకొచ్చారు. ఎన్ని పిల్లలండీ అని కొట్టువాడు అడిగితే, ఒక్కర్తేనండి అన్నారట. బీరువా పక్కకి జరిపి ఉయ్యాలకి చోటు చేశాం. బీరువా వెనక గోడలో ఒక పాత ప్లగ్గు కనిపించింది. పనిచేస్తోంది. రేకు డొప్పలో బల్బు బిగించి, ఉయ్యాలకి తగినంత ఎత్తున కట్టి, రాత్రింబవళ్ళు వెలిగించాం.

నెల తిరిగి రీడింగు తీసే ఆయన మళ్ళీ వచ్చేడు. నడివయసు మనిషి, మెషిను మెడలో వేలాడేసుకుని తిరుగుతాడు. మామ్మగారి మీటరు ముందు చాలాసేపు నిలబడ్డాడు.

"ఈ గదిలో ఎవరుంటున్నారండీ?" అని అడిగాడు.

ఎవరూ లేరని చెప్పాను.

"ఆయ్... మరి తిరుగుతోందండి. ఇదిగో, వాడుతూనే ఉన్నారు."

యాభై పైన యూనిట్లు. మా మామూలు బిల్లు మాత్రం పెద్దగా పెరగలేదు. నాకు పెరిగినదే కనిపించింది గాని, పెరగాల్సింది పెరగలేదన్న సంగతి తట్టలేదు. ఆరోజు మామయ్యగారితో పాటు తాళం తీసి లోపలికి వెళ్ళాం. మంచం, గోడకి ఖాళీ హోల్డరు. నేల మీద దుమ్ము చెక్కుచెదరకుండా ఉంది. దేనికీ ఏ తీగా తగిలించి లేదు. పక్కగోడ మాత్రం, మా గది వైపుది, ముట్టుకుంటే గోరువెచ్చగా అనిపించింది. నా చెయ్యే వేడిగా ఉందేమో అనుకుని ఎవరికీ చెప్పలేదు.

ఆ రోజు నుంచి ఆ మీటరు నన్ను పట్టుకుంది. వాడకం లేకపోతే అందులో ఎర్రచుక్క కదలదు, ఉంటే ఉండుండి మెరుస్తుంది. పొద్దున్నే పాపని ఎండకి వీధరుగు మీదికి తెచ్చినప్పుడల్లా నా చూపు అటే పోయేది. ఒక మెరుపుకీ ఇంకో మెరుపుకీ మధ్య పాప పదిసార్లు ఊపిరి తీసుకునేది. రోజూ పదే. నేను డిగ్రీలో ఫిజిక్సు చదివినదాన్ని, ఓల్టులూ ఆంపియర్లూ తెలిసినదాన్ని. అయినా గోడ అవతల ఎవరో కూర్చుని నా బిడ్డ ఊపిర్లు లెక్కపెడుతున్నట్టే ఉండేది. ఒకరోజు తట్టుకోలేక, ఆ మీటరు తీయించేయమని మామయ్యగారిని అడిగాను. పాత వైరింగు ఎక్కడో కాలుతుందేమో, పసిపిల్ల ఉన్న ఇల్లు అని వంక పెట్టాను. ఆయన అరుగు మీదికి వెళ్ళి ఒకసారి మీటరు చూసి వచ్చారు. తరవాత సరేనమ్మా అన్నారు.

లైన్‌మెన్ వచ్చిన రోజు మంచు దట్టంగా ఉంది. అత్తయ్యగారు పెరట్లో బాయిలరు దగ్గరున్నారు, మా ఆయన డ్యూటీకి వెళ్ళారు. పాప ఉయ్యాల్లో నిద్రపోతోంది. నేను అరుగు మీదికి వెళ్ళి నిలబడ్డాను. అది ఆరిపోవడం నా కళ్ళతో చూడాలనిపించింది. లైన్‌మెన్ ఫ్యూజు పీకాడు. ఎర్రచుక్క ఆరిపోయింది. అన్ని వారాల తరవాత మొదటిసారి గుండెనిండా గాలి పీల్చుకున్నాను. తరవాత కాగితాల గొడవ. కనెక్షను ఎవరి పేరునుందో వాళ్ళే సంతకం పెట్టాలంటాడు ఆయన. ఆవిడ కాలం చేశారంటారు మామయ్యగారు. "అయితే ఆవిడ కాలం చేసినట్టు కాగితం పట్రండి, బిల్లేమో నెలనెలా వాడినట్టే వస్తోంది మరి" అన్నాడు ఆయన నవ్వుతూ. అలా అరగంట గడిచింది. మధ్యలో నా అరికాళ్ళకి చల్లగా తగిలింది, ఎవరో తడిచేత్తో పట్టుకున్నట్టు. కిందికి చూశాను. పొడి గచ్చే. అప్పుడు లోపలికి నడిచాను. పరిగెత్తలేదు, ఎందుకో పరిగెత్తాలంటే భయమేసింది.

గది చీకటిగా ఉంది. బల్బు ఆరిపోయి ఉంది. పాప ఏడవలేదు, కదల్లేదు. పాదాలు పట్టుకున్నాను. కాలవలో గులకరాయి పట్టుకున్నట్టుంది. గోళ్ళ దగ్గర నీలం. జాకెట్టు హుక్కులు లాగేసి గుండెలకి హత్తుకున్నాను, చీరకొంగూ దుప్పటీ చుట్టేశాను. గుమ్మంలోకి వచ్చిన మామయ్యగారు నన్నూ, ఆరిపోయిన బల్బునీ, గోడలోని ప్లగ్గునీ వరసగా చూశారు. ఆయన మొహం ఎలా మారిందో ఇప్పటికీ చెప్పలేను. వెనక్కి తిరిగి, "బాబూ, ఆ ఫ్యూజు మళ్ళీ పెట్టండి" అన్నారు, చాలా చిన్నగా. లైన్‌మెన్ అర్జీ ఊసెత్తకుండా పెట్టేశాడు. బల్బు వెలిగింది. ఇంకో మూడు నిమిషాలకి, నా లెక్కలో మూడేళ్ళకి, పాప నా గుండెల మీద చిన్నగా ఏడ్చింది.

అప్పుడు అత్తయ్యగారు చెప్పారు. మా ఆయనా అలాగే పుట్టారట, నెలలు నిండకుండా, ఇదే గదిలో. మామ్మగారు మనవడికి పగలూ రాత్రీ బల్బు పెడితే, కొత్త ఉద్యోగం, చాలీచాలని జీతం మామయ్యగారిది, పట్టపగలు దీపమేమిటని సణిగారట. మర్నాడే ఆవిడ తన పేర మీటరుకి అర్జీ పెట్టి, అది వచ్చాక గోడకి కన్నం కొట్టించి, తన గదిలోంచి ఆ ప్లగ్గుకి తీగ లాగించారు. ఇల్లు బాగుచేయించినప్పుడు దాన్ని పీకించేశారనే అత్తయ్యగారు అనుకున్నారు. పీకించనిచ్చి ఉండరు మామ్మగారు.

మామయ్యగారు ఉయ్యాల పక్కన నేల మీదే కూలబడ్డారు. "ఈ బల్బు కోసం మా అమ్మ నాతో రెండేళ్ళు సరిగ్గా మాట్లాడలేదమ్మా" అన్నారు. స్విచ్చి వైపు చూసి, "ఉండనీ, ఎంతైతే అంత" అన్నారు. ఆయన నోట ఆ మాట అదే మొదలు, ఆఖరు.

పాపకి ఇప్పుడు రెండున్నరేళ్ళు. ఇందాకే పాదాలు పట్టుకు చూశాను, వెచ్చగా ఉన్నాయి. ఆ యాభై యూనిట్లూ ఎక్కడివో తెలిసిపోయింది, గోడ ఎందుకు వెచ్చగా ఉందో తెలిసిపోయింది. తెలియనిది ఆ మొదటి తొమ్మిదే. వంద క్యాండిళ్ళ బల్బు ఒక యూనిట్టు తినడానికి పది గంటలు పడుతుంది. తొమ్మిదంటే తొంభై గంటలు, నాలుగు రోజులకి కాస్త తక్కువ, పాప అద్దాలపెట్టెలో ఉన్నంతసేపు. అప్పటికి మేం ఇంట్లోనే లేం, ఆ బల్బింకా రామచంద్రపురంలో కోడిపిల్లల కొట్లోనే ఉంది. లెక్క అలా కుదరడం నాకే నచ్చలేదు. అందుకే మా ఆయనకి కూడా చెప్పలేదు.

ఆ ఎండాకాలం బల్బు తీసేశాక మామ్మగారి బిల్లులో మళ్ళీ సున్నాలే వచ్చాయి, ఈ నెల దాకా. ఈ నెల రెండు యూనిట్లు. ఇప్పుడే బీరువా వెనక చెయ్యిపెట్టి చూసి వచ్చాను. ప్లగ్గులో ఏమీ లేదు. నాకు నెల తప్పిందని నిన్న పొద్దున్నే తెలిసింది. ఇంట్లో ఇంకా ఎవరికీ చెప్పలేదు. పోయినవాళ్ళు వెనకటి రోజుల్లో ఉండిపోతారని ఇన్నాళ్ళూ అనుకున్నాను. మామ్మగారు మాత్రం నాకన్నా ముందే రేపటిలోకి వెళ్ళి, దీపం వేసుకుని కూర్చున్నారేమో.