కూర్చుంటే ఒప్పుకున్నట్టే

ఆ ఊరి సభలో చేతులెత్తే పద్ధతి లేదు. గుమాస్తా తీర్మానం చదువుతాడు. అభ్యంతరం ఉన్నవాళ్ళు లేచి నిలబడాలి. ఒక్కరు లేచినా చర్చ జరగాలి. కూర్చున్నవాళ్ళంతా ఒప్పుకున్నట్టే. మోకాళ్ళు బాగున్నవాళ్ళెవరో పెట్టిన పద్ధతి.

మిషనత్త ఏ సభా మానలేదు. వీధి చివర గదిలో కుట్టుమిషను తొక్కి తొక్కి మోకాళ్ళు అరగదీసుకున్న మనిషి. నేలమీద కూర్చుంటే లేవడానికి గోడ సాయం కావాలి. ఆమె గోడ పట్టుకుని సగం లేచేసరికి గుమాస్తా "ఆమోదం" అనేసి తర్వాతిదానికి వెళ్ళిపోయేవాడు. అలా ఆమెకు ఇష్టం లేని పనులు చాలా ఆమె ఒప్పుకోలుతోనే జరిగిపోయాయి.

ఈసారి వాళ్ళ వీధి కుళాయి తీసి కొత్త ఇళ్ళవైపు పెడతారట. అంత దూరం నుంచి బిందె మోయడం ఆమె వల్ల కాదు. అందుకే మొదటినుంచీ కూర్చోకుండా గోడకానుకుని నిలబడింది.

మొదటి తీర్మానం వీధి దీపాలది. గుమాస్తా తలెత్తాడు.

"మిషనత్తకి అభ్యంతరం."

"దీపాలకేం లేదయ్యా, వెయ్యండి."

"మరి కూర్చో."

"కూర్చుంటే మళ్ళీ ఎవరు లేపుతారు, మీ తాతా?"

సభ నవ్వింది. ప్రెసిడెంటు నవ్వలేదు. బడి గోడకీ, మురుగుకాలవకీ ఇదే తంతు. వెనకనుంచి ఎవరో విసుక్కున్నారు. పక్కింటి పాలావిడ చెంగు పట్టి లాగింది.

"కూర్చో అత్తా, పడిపోతావు."

"పడితే పడతాగానీ కూర్చోను."

కుళాయి వంతు వచ్చేసరికి ఆమె కాళ్ళు వణుకుతున్నాయి. తన వీధివాళ్ళ వైపు చూసింది. పొద్దున కుళాయి దగ్గర గొంతు చించుకున్నవాళ్ళంతా ఇప్పుడు చాప ఈనెలు లెక్కపెడుతున్నారు. పాలావిడ ప్రెసిడెంటు వైపు ఓసారి చూసి తల దించుకుంది. ఆయనింటికి పాలు పోసేది ఆవిడే.

"ఒక్కరే," అన్నాడు ప్రెసిడెంటు.

"ఒక్కరు చాలన్నది మీ పద్ధతేగా."

ఆయన గడియారం చూశాడు. జనం అప్పటికే చెప్పులు వెతుక్కుంటున్నారు. చర్చించే ఓపిక ఎవరికీ లేదు.

"వచ్చే సభకి వాయిదా."

అంటే అందాకా కుళాయి ఉన్నచోటే. ఆ తర్వాత మళ్ళీ నిలబడాలి.

సాయంత్రం పాలావిడ అత్త బిందె నింపి చంకకెత్తుకుంది.

"దించు. నేను మోసుకుంటాలే. వచ్చే సభలో నువ్వు లే, చాలు."

"నా సంగతి తెలిసి కూడా అంటావేంటత్తా?"

"తెలుసు కాబట్టే అడుగుతున్నా. తెలియకపోతే తిట్టేదాన్ని."

పాలావిడ బిందె దించలేదు, మాటా ఇవ్వలేదు. అత్త గోడలు పట్టుకుంటూ వెనకాలే నడిచింది. గదికి చేరాక మంచం అంచున కూలబడింది.

"చూద్దాం అనైనా అనవే."

"చూద్దాంలే అత్తా."

ఆ ఊళ్ళో 'చూద్దాం' అంటే ఎంతకాలమో ఆమెకు తెలుసు. ఇవాళ మిషను తొక్కడానికి కాళ్ళు రావు. కుట్టాల్సిన గుండీలు ముందేసుకుని సూదిలోకి దారం ఎక్కించసాగింది.