ముందు వేలిముద్ర, తర్వాత సంతకం

యాభై రెండేళ్ల వయసులో నేను అక్షరాలు నేర్చుకున్నాను. ఎనుమాముల మార్కెట్‌లో మిరపకాయల తొడిమలు తీస్తూ, పక్కన కూర్చునే అక్క దగ్గర నేర్చుకున్నాను. సొంత పేరు తప్పు లేకుండా రాయడానికే ఒక ఎండాకాలం పట్టింది.

పోయిన ఏడాది మా దగ్గరికి విద్యాశాస్త్రంలో డాక్టరేట్ చేసే ఒకాయన వచ్చాడు. అర్హత పరీక్ష రాయాలంటే ముందుగా చదువురాని పదిమందికి ఆరు నెలలు అక్షరాలు నేర్పి, రికార్డు ఇవ్వాలట. ఆయన ఒక్కరికీ నేర్పలేదు. మర్నాడే గడువు. తొమ్మిది మందిని ఎట్లాగో పట్టుకున్నాడు, ఇంకొకరు తక్కువ.

"అమ్మా, జర ఈ కాయితం మీద వేలిముద్ర వెయ్యి. ఇది చదువుకు ముందటిది. గా రెండోదాని మీద సంతకం పెట్టు. అది నేర్చుకున్నంక."

"నడుమ ఆర్నెల్లున్నయి గద సారూ. గిప్పుడే ఒడిసినయా?" అన్నాను.

ఆడవాళ్లంతా నవ్వారు.

"పరీక్షకు కూసోనియ్యరమ్మా. నా బతుకు ఆగమైతది."

నేను పెన్ను తీసుకుని రెండు కాయితాల మీదా సంతకమే పెట్టాను. ఆయన ముఖం మాడ్చుకుని, కొత్త కాయితాలు తీసి అక్క వైపు తిరిగాడు. నాకు అక్షరాలు నేర్పిన అక్క, పాపం పిల్లగాడంటూ బొటనవేలు సిరాలో ముంచింది. తర్వాత రెండో కాయితం మీద గుండ్రటి అక్షరాలతో సంతకం చేసింది.

ఆయన పరీక్ష పాసయ్యాడట. పెద్దలకు చదువు ఎట్లా చెప్పాలో ఇప్పుడు టీచర్లు కాబోయేవాళ్లకు నేర్పుతున్నాడు.