మిగతాదంతా మామూలే

మార్కాపురంలో ఒక మందుల దుకాణంలో ఫార్మసిస్టుగా పనిచేస్తున్నాను. ఏ మాత్ర తినకముందు, ఏది తిన్నాక, ఏది సగం విరిచి వేసుకోవాలి అని రోజంతా ఎవరికో ఒకరికి చదివి చెప్పడమే నా పని. సగం విని వెళ్లిపోయేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. "నిలబడవ్వా, మొత్తం విని పో" అని మెట్లు దిగినవాళ్లను కూడా వెనక్కి పిలుస్తాను. ఆ వీధిలో నాకు గయ్యాళి అని పేరుంది.

మా నాయన గొర్రెలు కాస్తాడు. మా ఊరు గిద్దలూరు అవతల, నల్లమల అంచున ఉంటుంది. ఆయనకు షుగరు వచ్చి చాలా ఏళ్లయింది. పోయిన ఎండాకాలం కుడి అరికాల్లో తుమ్మముల్లు దిగింది. షుగరు ముదిరితే పాదాలకు స్పర్శ పోతుంది కాబట్టి ఆయనకు నొప్పి తెలియలేదు. చెప్పులో తడి చూసుకుని పాదం ఎత్తేసరికి రేగుపండంత పుండు. నాకు చెప్పేసరికి అది నా అరచెయ్యంత అయింది. ఇక్కడి సర్జన్ చూసి మోకాలి కింద తీసెయ్యాలన్నాడు. నాయన ఆయన్ని ఒక్కటే అడిగాడు.

"ఒంటికాలితో మంద ఎనకాల ఎట్ల పోవాల సార్?"

  ఆ కాలు పోతే మా నాయనకు కొండ పోతుంది, కొండ పోతే ఆయనకు ఇంకేమీ మిగలదు. ఆ భయంతోనే నేను వెతకడం మొదలుపెట్టాను.

పట్నంలో ఒక పెద్దాసుపత్రిలో ఇలాంటి పుళ్ల మీద పరిశోధన జరుగుతోందని మా దుకాణానికి వచ్చే మందుల కంపెనీ అతను చెప్పాడు. గొర్రె పొట్ట లోపలి పొర తీసి, అందులో కణమన్నది లేకుండా కడిగి, ఎండబెట్టి, పుండు మీద పరుస్తారట. తీగకు పందిరి వేసినట్టు, మనిషి సొంత కండ పెరగడానికి ఆ పొర ఆధారంగా ఉంటుంది. తర్వాత అదే కరిగి ఒంట్లో కలిసిపోతుంది. చేరినవాళ్లలో సగం మందికి పొర, సగం మందికి ఎప్పుడూ వేసే కట్టు. ఎవరికి ఏదన్నది కంప్యూటరు చీటీ తీసి చెబుతుంది.

చేరాలంటే అంగీకార పత్రం మీద వేలిముద్ర వెయ్యాలి. పద్నాలుగు పేజీలు. "మీరు ఫార్మసిస్టే కదా మేడం, మీరే చదివి వినిపించండి" అని నర్సు ఆ కట్ట నా చేతిలో పెట్టి ఇంకో రోగి దగ్గరికి వెళ్లింది. తెలుగులోనే ఉంది కానీ ఆ తెలుగు ఎవరు మాట్లాడతారో నాకు తెలియదు. ఒక్కో వాక్యం చదివి, దాన్ని మళ్లీ మా మాటల్లోకి మార్చి చెప్పడానికి తలప్రాణం తోకకొచ్చింది. ఎనిమిది పేజీలకు గంట పట్టింది. మా రైలుకు ముప్పావు గంటే ఉంది. మర్నాటికి నాకు సెలవు లేదు.

"ఇంకా ఉండాదా పాపా?" అన్నాడు నాయన. విసుగుతో అడగలేదు, వినడానికే అడిగాడు.

"మిగతాదంతా మామూలే నాయనా" అన్నాను.

ఆయన వేలిముద్ర వేశాడు. 'పూర్తిగా చదివి వినిపించబడినది' అన్న మాట కింద నేను సాక్షి సంతకం పెట్టాను.

చీటీలో నాయనకు పొర వచ్చింది. తర్వాతి వారం వెళ్లినప్పుడు డాక్టరు ఆ పొట్లం చూపించాడు. చిన్నవాడు, మొహమాటస్తుడు. "ఇది గొర్రె నుంచి తీసింది, పెద్దాయనా. మీకేమీ అభ్యంతరం లేదు కదా?" అని అడిగాడు. నాయన పొట్లాన్ని వెలుతురుకెత్తి చూశాడు. లోపల పొర అప్పడంలా ఎండి ఉంది.

"ఏ భాగం సార్ ఇది?"

"పొట్ట లోపలిది."

"బోటి కడిగేటప్పుడు గీకి పారేసేదే గదా. ఇన్నేండ్లూ కుక్కలకు ఏసినా." పొట్లం డాక్టరు చేతికి తిరిగిస్తూ అన్నాడు, "వాటిని సాకింది నేనే గదా సార్. ఒక పొర నాకిస్తే అవి ఏమనుకోవులే."

డాక్టరు నవ్వాడు. పుండు శుభ్రం చేసి, పొర పరిచి, పైన కట్టు కట్టి, ఏడు రోజులదాకా విప్పొద్దని చెప్పాడు. నాయన తలూపాడు. ఆ తలూపడాన్ని నేను నమ్మాను.

నేను నమ్మి ఉండకూడదు, ఎందుకంటే గొర్రెలు కాసేవాళ్లు పుండును మూసిపెట్టరు. ముళ్లకో రాళ్లకో చీరుకున్న గొర్రె పుండును రోజూ విప్పి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూస్తారు. ఒక్కరోజు చూడకపోతే పురుగు పడుతుంది, పురుగు పడితే గొర్రె దక్కదు. నాయన వాసన చూసి ఏ గొర్రె బతుకుతుందో చెప్పడం చిన్నప్పటి నుంచీ చూశాను. అలాంటి మనిషి సొంత పుండును ఏడు రోజులు చూడకుండా ఉంటాడని నేనెలా అనుకున్నానో.

ఐదో రోజు ఆదివారం. నేను ఊరికి వెళ్లేసరికి నాయన మంచం మీద కాలు చాపుకుని, పెద్ద పని చేసినవాడిలా ఉన్నాడు.

"నేను చూసుకోబట్టి సరిపోయింది పాపా. నిన్న ఇప్పి చూస్తే పసుపుపచ్చగా జిగట జిగటగా చీము. వాసన గూడా ఏందో తేడాగా ఉండాది. అంతా తుడిచేసి వేపనూనె ఏసి కట్టినా."

"పొర ఏది నాయనా?"

"యాడి పొర? అదంతా కుళ్లిపోయినాది."

నేను అరిచాను. వీధిలోవాళ్లు వచ్చి చూసేంతగా, మా నాయన మీద, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి అరిచాను. ఆయన పాత పంచె చివరతో కట్టు మీది నూనె మరక తుడుస్తూ కూర్చున్నాడు.

మార్కాపురం తిరిగొచ్చి, మాకిచ్చిన పత్రం కాపీ తెరిచాను. పదకొండో పేజీ, కింది నుంచి మూడో వాక్యం. నాలుగైదు రోజులకు పొర పసుపురంగు జిగురువలె మారును, స్వల్పముగా వాసన యుండును, ఇది చీము కాదు, తొలగించరాదు. ఎన్నిసార్లు చదివానో తెలియదు. ఆ వాక్యం మా నాయన కోసమే రాసినట్టుంది.

ఏడో రోజు రైల్లో నాయనకు చెప్పాను, పొర దానంతటదే జారిపోయిందని చెబుదామని. విప్పామని తెలిస్తే పరిశోధన నుంచి తీసేస్తారని నా భయం. ఆయన కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. కురిచేడు స్టేషను దాటాక అన్నాడు.

"అట్ల చెప్తే తప్పు మందు మీదికి పోతాది గదా పాపా. పొర నిలవలేదని రాసుకుంటారు. రేపు ఇంకొకరికి ఇయ్యకుండా పోతే?"

ఆసుపత్రిలో డాక్టరు అడగకముందే నాయన చెప్పేశాడు. "నేనే ఇప్పినా సార్. చీమనుకోని తుడిచేసినా. మా పాప కాగితం అంతా చదివి చెప్పినాది, ఆయమ్మ తప్పేం లేదు. నాకే బుద్ధి లేకపాయ."

నర్సు నా వైపు చూసింది. నేను అప్పుడే చెప్పాల్సింది. వంగి నాయన చెప్పు సర్దాను.

నియమం ప్రకారం పొర మళ్లీ వెయ్యలేదు. మామూలు కట్లు కట్టారు. కొన్ని వారాలకు ఎముకకు చీము పట్టింది. మోకాలి కింద తీసేశారు. పొర ఉండి ఉంటే కాలు నిలిచేదా అని డాక్టరును వరండాలో ఆపి అడిగాను. "తెలియదమ్మా. అది తెలుసుకోవడానికే కదా ఇదంతా" అన్నాడు. నిలిచేదని అన్నా, నిలిచేది కాదని అన్నా నేను భరించేదాన్ని.

ఇప్పుడు మందను చిన్నాయన కొండకు తోలుకుపోతాడు. నాయన కర్రల మీద దొడ్డి దాకా వస్తాడు. సాయంత్రం గొర్రెలు వచ్చాక ఒక్కోదాన్ని దగ్గరికి లాగి పుళ్లు వాసన చూస్తాడు.

మొన్న దర్శి నుంచి ఒకాయన కాలికి కట్టుతో మా దుకాణానికి వచ్చాడు. అదే ఆసుపత్రి, అదే పరిశోధన. ఆయన చేతిలోని పత్రం మొదటి పేజీలోనే, పైన, పెద్ద అక్షరాలతో ఉంది: పసుపుగా, జిగటగా కనిపిస్తుంది. వాసన వస్తుంది. అది చీము కాదు. తుడవకండి. ఫోటో తీసుకుని ఆదివారం ఇంటికి వెళ్లి నాయనకు చదివి వినిపించాను. రెండుసార్లు చదివించుకున్నాడు.

"పెద్దక్షరాలా?"

"పెద్దవే నాయనా."

"నేను నిజం చెప్పబట్టి రాసినారు. అంతకుముందు రాయలా. పాపం, వాళ్లకు మాత్రం ఎట్ల తెలుస్తాది?"

ఆ రోజు ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ ఆ ఫోటో చూపించమన్నాడు. కాలు పోయాక ఆయన ముఖంలో అంత వెలుగు చూడడం అదే మొదలు. పదకొండో పేజీ సంగతి నేను చెప్పలేదు.

నేను రాసిన ఇది అచ్చయితే చదవమని అడుగుతాడు. మా నాయనకు చదువు రాదు, చదివి వినిపించాల్సింది నేనే. రైలుకు టైమైందన్న దగ్గర ఆపేస్తానేమో. ఆపినా, ఆయన నా ముఖం వైపే చూస్తూ అడుగుతాడు.

"ఇంకా ఉండాదా పాపా?"