అమ్మవారి చెంబు మీద గుడ్డ

ధర్మవరం దగ్గర్లోని ఆ మగ్గాల పల్లెలో నాగలక్ష్మమ్మను పేరు పెట్టి పిలిచేవాళ్ళు తక్కువ. డెబ్బై ఎనిమిదిలో ప్రభుత్వం ఊరికొక ఆరోగ్య కార్యకర్తను పెట్టినప్పుడు, నాలుగక్షరాలు వచ్చిన మనిషి కదా అని ఆమెను పంపారు. అప్పట్నుంచి ఆమె అందరికీ మాత్రలక్క.

మాత్రలతో పోని జబ్బు ఒకటుంది ఆ ఊళ్ళో. నారికురుపు. ఎండాకాలం వచ్చిందంటే ఎవరి కాలో పొక్కి, మంటెత్తి, అందులోంచి తెల్లటి దారంలా పురుగు తల బయటపెట్టేది. దాన్ని పుల్లకు చుట్టి రోజూ కాస్త కాస్త లాగాలి. తెగిందా, కాలు వాచి మనిషి మంచాన పడతాడు. మగ్గం గుంతలో కాలు పెట్టలేని నేతగాడి ఇంట్లో పొయ్యి వెలగదు.

బోరింగు ఎండిపోయాక ఊరంతటికీ దిగుడుబావే దిక్కు. కురుపున్న కాలు ఆ నీళ్ళలో పెడితే హాయిగా ఉంటుంది. పురుగు అక్కడే పిల్లల్ని వదులుతుంది. ఆ నీళ్ళు తాగినవాడికి మళ్ళీ యేటికి నారి తేలుతుంది. ఈ సంగతి శిక్షణలో విన్నప్పట్నుంచి నాగలక్ష్మమ్మది ఒకటే పాట.

"గుడ్డ మడతేసి నీళ్ళు వడగట్టుకోండి. కురుపుండేవాళ్ళు బావిలో దిగాకండి."

చెప్పి చెప్పి ఆమె నోరు నొచ్చింది, విని విని ఊరి చెవులు నొచ్చాయి. చివరికి ఆమె పోరు పడలేక ఇంటింటా కడవ మూతికి గుడ్డ పడింది. వచ్చే ఎండాకాలానికి ఊళ్ళో నారి ఉండదని ఆమె మాటిచ్చేసింది.

ఆ ఎండాకాలం మొదటి నారి ఆమె కాల్లోనే తేలింది.

ఊరికి అంతకన్నా పండగేముంది? పక్కింటి తిమ్మక్క వాకిట్లోకొచ్చి మరీ చూసింది. "ఏమక్కా, నువ్వే పుల్లకు చుట్టుకుంటాండావు. ఇంగ మాకేం చెప్తావు?" అని, ఇంటికి పోయి కడవ మీది గుడ్డ తీసి పొయ్యిగట్టు తుడుచుకుంది. ఆ ఇంటిని చూసి ఈ ఇల్లు, గుడ్డలన్నీ మసిగుడ్డలయ్యాయి. కాలి మంట కన్నా ఆ మంటే నాగలక్ష్మమ్మకు ఎక్కువైంది.

అరుగు మీద కూర్చుని, కండెకు పోగు చుట్టినట్టు నారిని పుల్లకు చుట్టుకుంటూ ఆలోచించింది. ఇంట్లో వడగట్టనిదే చుక్క ముట్టలేదు. చుట్టాలింటికి పోయినా గుడ్డ వెంట తీసుకుపోయి తిట్లు తింది. మరి ఎక్కడ తాగినట్టు?

శుక్రవారం కుంటుకుంటూ చౌడమ్మ గుడికి పోయింది. పూజారి తిప్పేస్వామి ఆమెకు వరసకు మామ. ఆయన అమ్మవారి చెంబులోంచి తీర్థం పోస్తే అలవాటుగా అరచెయ్యి పట్టింది. ఆ చెయ్యి నోటిదాకా వెళ్ళి ఆగిపోయింది.

"మామా, ఈ నీళ్ళు యాడివి?"

"యాడివేంది? బావివే. మడి కట్టుకుని నేనే తెచ్చినా."

"వడగట్టినావా?"

తిప్పేస్వామి చెవులు మూసుకున్నాడు. "ఒకరు కట్టి విడిచిన గుడ్డలో పడిన నీళ్ళు అమ్మకు పెడతానా? మైల గాదా?"

ఇన్నాళ్ళూ ఊరంతా ఇళ్ళలో వడగట్టుకుని గుళ్ళో వడగట్టని నీళ్ళు తాగిందన్నమాట. నాగలక్ష్మమ్మకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. తీర్థాన్ని తల మీద చల్లుకుంది.

"పట్టుకు మైలుండాదా మామా?"

నేతవాళ్ళ ఇంట పుట్టినవాణ్ణి ఆ మాట అడిగితే ఏం చెబుతాడు? "పట్టుకు మైలెక్కడిది?" అన్నాడు.

ఆమె ఇంటికి పోయి పెట్టె తెరిచింది. మగ్గం చివర మిగిలిన పోగులతో మొగుడు నేసిచ్చిన రవికెగుడ్డ ఒకటుంది. ఊరంతా పట్టు నేస్తుంది గానీ కట్టేది షావుకార్ల ఆడవాళ్ళు. ఆమెకున్న పట్టు అదొక్కటే. కుట్టించుకుందామని ఏళ్ళుగా దాచుకుంది. దాన్ని తెచ్చి పూజారి చేతిలో పెట్టింది.

"అమ్మకు నేను పెట్టే బట్ట ఇది. చెంబు మూతికి కట్టు."

అమ్మకు పెట్టిన బట్టను కాదనే ధైర్యం తిప్పేస్వామికి లేకపోయింది.

అమ్మే వడగట్టుకుని తాగుతోందని తెలిశాక తిమ్మక్క కడవకూ మళ్ళీ గుడ్డ పడింది. మరుసటి ఎండాకాలం ఒకరిద్దరికి నారి తేలింది. ఆ పై ఏడు ఎవరికీ లేదు. అంతా అమ్మ దయ అన్నారు. మాత్రలక్క ఊసు ఎవరూ ఎత్తలేదు. ఆమెకు కడుపు మండిన మాట నిజమే.

ఇంకో ఎండాకాలం మొదట్లో తిప్పేస్వామి ఆమె వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. చేతిలో చిల్లులు పడ్డ రవికెగుడ్డ ఉంది.

"అమ్మ గుడ్డ చినిగిపోయినాది తల్లీ. ఇంగొకటి ఉండాదా? అది దొరికేదాంక నేను ఎవురికీ తీర్థం పొయ్యను."